పాత కంప్యూటర్‌కి మదర్‌బోర్డు కొనేముందు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా మదర్‌బోర్డు గురించే. వానలు మొదలయ్యాక ప్రతి ఏడాదీ ఇంతే, ఒక రాత్రి పిడుగులు పడితే తెల్లారేసరికి ఎన్నో ఇళ్ళలో కంప్యూటర్లు లేవవు. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి ఉంచి ఇవాళ వీటికే జవాబులు రాస్తున్నాను. మీ ప్రాసెసర్ నంబరు ఒక కాగితం మీద రాసుకోకుండా మాత్రం ఏ షాపుకీ వెళ్ళకండి. కింద మీరు చూసే ఇబ్బందుల్లో చాలావరకు ఆ ఒక్క నంబరు దగ్గరే తేలిపోతాయి.

సార్, 2012లో మా అబ్బాయి కోసం అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఇది. ఇంటెల్ ఐ3-2120 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఇప్పుడు మనవరాలు బడి పనులకి వాడుకుంటోంది. మొన్న పెద్ద వాన పడిన రాత్రి నుంచి నో డిస్‌ప్లే. ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు. షాపులో చూపిస్తే బోర్డు పోయింది, హెచ్81 బోర్డు ఉంది, మీ ర్యామ్ పనికొస్తుంది, 3,500 అవుతుంది అన్నారు. వేయించమంటారా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల

మాస్టారూ, డబ్బు ఇంకా ఇవ్వకపోతే ఆగండి. మీ ఐ3-2120 కూర్చునే సాకెట్ పేరు ఎల్‌జీఏ 1155, హెచ్81 బోర్డు మీద ఉండేది ఎల్‌జీఏ 1150. ఆ అంకెలు సాకెట్‌లో ఉండే సన్నని పిన్నుల సంఖ్య. అయిదే కదా తేడా అనిపిస్తుంది గానీ, ప్రాసెసర్ అంచున ఉండే గాట్లు కూడా వేరే చోట ఉంటాయి, మీది అందులో అసలు కూర్చోదు. బలవంతంగా నొక్కితే పిన్నులు వంగి కొత్త బోర్డు కూడా పోతుంది. ర్యామ్ గురించి ఆయన చెప్పింది మాత్రం నిజమే, రెండింట్లోనూ డీడీఆర్3 పడుతుంది. బహుశా ఆ 3,500లో నాలుగో తరం ప్రాసెసర్ కూడా కలిపి ఇస్తానంటున్నారేమో, అది సూటిగా అడగండి. కలిపితే ఆలోచించవచ్చు, కలపకపోతే ఆ బోర్డు మీకు దేనికీ పనికిరాదు.

అయితే అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది. బోర్డు నిజంగా పోయిందా? ఫ్యాన్ తిరుగుతూ తెర రాకపోతే చాలా చోట్ల వెంటనే బోర్డు మీదకి తోసేస్తారు. నేను మాత్రం ముందు ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక స్లాట్‌లో రాకపోతే రెండో స్లాట్‌లో పెట్టి చూస్తాను. తర్వాత బోర్డు మీద రూపాయి బిళ్ళ లాంటి సెల్ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. పన్నెండేళ్ళకి పైబడిన యంత్రంలో అది చచ్చిపోయి ఉండే అవకాశమే ఎక్కువ, కొత్తది వేయండి, అతి తక్కువ ఖర్చు. ఆ తర్వాత ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఎస్ఎంపీఎస్ బాగున్నట్టు కాదు, 12 వోల్టుల లైను సరిగ్గా ఇస్తూ 5 వోల్టులు పడిపోయినా, ప్రాసెసర్ పక్కన పెట్టే 4 పిన్నుల ప్లగ్‌కి కరెంటు రాకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. పక్కింటివాళ్ళ కంప్యూటర్‌లోదో, షాపులో టెస్టింగ్ కోసం ఉంచినదో మంచి ఎస్ఎంపీఎస్ తగిలించి చూడమనండి, అయిదు నిమిషాల పని. ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే అప్పుడు బోర్డు అనుకుందాం.

పెద్ద వాన పడిన రాత్రి నుంచి అన్నారు, పిడుగు కూడా పడి ఉండొచ్చు కాబట్టి ఇంకో సంగతి. దెబ్బ ఎప్పుడూ కరెంటు ప్లగ్ లోంచే రాదు, ఇంటర్నెట్ కేబుల్ లోంచి కూడా వస్తుంది. బోర్డు వెనక నెట్ కేబుల్ దూర్చే చోట దగ్గర ఉన్న చిప్ మాడి ఉందేమో, ప్రాసెసర్ చుట్టూ ఉండే కెపాసిటర్లు పైన ఉబ్బి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఉబ్బిన కెపాసిటర్లయితే చిప్ లెవెల్ సర్వీస్ చేసేవాళ్ళు మార్చగలరు, బోర్డే కొననక్కర్లేదు.

బోర్డే పోయిందని తేలితే మీకు కావలసింది ఎల్‌జీఏ 1155. షాపులో హెచ్61 అని అడగండి, అది ఇప్పటికీ కొత్తగా తయారై మన మార్కెట్లో దొరుకుతోంది, పాత బోర్డులు రావని ఎవరైనా అంటే ఆ మాట సరికాదు. హెచ్61లో ర్యామ్ స్లాట్లు రెండే, మొత్తం 16 జీబీ దాకా పడుతుంది. హార్డ్ డిస్క్ లైన్లు పాత వేగానివి, సెకనుకి 3 గిగాబిట్లు. అయినా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెడితే మీ పాత హార్డ్ డిస్క్ కంటే ఎన్నో రెట్లు హాయిగా నడుస్తుంది, దాని గురించి దిగులు వద్దు. సెకండ్ హ్యాండ్‌లో బీ75 దొరికితే మాత్రం హెచ్61 కంటే అదే తీసుకోండి, అందులో యూఎస్‌బీ 3, ఒక వేగవంతమైన సాటా (డిస్క్ తగిలించే) పోర్టు చిప్‌సెట్‌లోనే (బోర్డుని నడిపే ప్రధాన చిప్, హెచ్61, బీ75 అనేవి దాని పేర్లే) ఉంటాయి. పీ67 అని ఎవరైనా ఇస్తే వద్దనండి, సాకెట్ సరిపోతుంది గానీ దానికి సొంతంగా తెర తగిలించే దారి ఉండదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి.

ఎంత దాకా పెట్టవచ్చు అని మీరు అడగలేదు గానీ నేను చెప్పి తీరాలి. మీ ప్రాసెసర్ మీద విండోస్ 11 అధికారికంగా నడవదు, దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి కావాలి, మీది రెండో తరం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఈ యంత్రాన్ని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ లాంటిది వేసుకుని పాప చదువుకి, వీడియో పాఠాలకి వాడుకోవడానికి బోర్డు మీద రెండు, మూడు వేలు పెట్టడం నాకు న్యాయంగానే కనిపిస్తుంది. మింట్‌లో తెలుగు టైపింగ్ కూడా ఉంది. బోర్డు, ఎస్ఎంపీఎస్, ర్యామ్, ఎస్ఎస్‌డీ అన్నీ కలిపి ఏడెనిమిది వేలు దాటుతుంటే మాత్రం ఆపేయండి. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి ఎనిమిదో తరం రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్ళీ అమ్మే పాత) కంప్యూటర్ వెతకడం మేలు.

నమస్తే. మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం. కోర్ 2 డుయో ఈ7500, జీ31 బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. ఇరవై ఏళ్ళ మేటర్ అంతా అందులోనే ఉంది. బోర్డు రోజుకి మూడుసార్లు హ్యాంగ్ అవుతోంది. అందరూ పారేసి కొత్తది కొనమంటున్నారు. కొత్తదాంట్లో మా పని నడుస్తుందా అని టెన్షన్‌గా ఉంది. ఇదే కంప్యూటర్‌కి బోర్డు దొరుకుతుందా? పైగా ప్రింటర్ కూడా పాత ప్యారలల్ పోర్టుదే.
— డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు, తణుకు

అమ్మా, మీ పని ఎలాంటిదో నాకు బాగా తెలుసు, ఫాంట్ ఒక్కటి సరిగ్గా రాకపోతే ముహూర్తం పేజీ మొత్తం మళ్ళీ కొట్టాలి. మిమ్మల్ని పారేయమన్నవాళ్ళకి ఆ బాధ తెలియదు. మీ భయం సరైనదే.

బోర్డు కొనేముందు ఇవాళే ఒక పని చేయండి, ఇది చదవడం ఆపి అయినా సరే: ఆ హార్డ్ డిస్క్‌లోని మేటర్ అంతా రెండు చోట్ల కాపీ చేయండి. పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఫాంట్లు, అను ఇన్‌స్టాల్ చేసే సీడీ, దాని నంబరు, అన్నీ. రోజుకి మూడుసార్లు హ్యాంగ్ అవడం హార్డ్ డిస్క్ వల్ల కూడా కావచ్చు, పాత డిస్క్ మన కోసం ఆగదు. బోర్డు మళ్ళీ కొనవచ్చు, మేటర్ కొనలేం.

ఇక బోర్డు. మీ ఈ7500 సాకెట్ ఎల్‌జీఏ 775. దానికి జీ31 గానీ జీ41 గానీ సరిపోతాయి, రెండూ ఆ ప్రాసెసర్ బస్ వేగం 1066ని తీసుకుంటాయి. జీ31 అయితే మీ డీడీఆర్2 ర్యామ్ అలాగే పడుతుంది. అయితే ఇప్పుడు కొత్తగా దొరికేవి ఎక్కువగా జీ41, అవి డీడీఆర్3 ర్యామ్‌వి. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ పిన్నులు 240యే అయినా గాటు వేరే చోట ఉంటుంది, ఒకటి ఇంకోదాంట్లో దిగదు, వోల్టేజీ కూడా వేరు, మొదటిది 1.8, రెండోది 1.5. ర్యామ్ కొత్తగా కొనాలి. అక్కడ ఇంకో చిక్కుంది, చాలామంది షాపువాళ్ళకి కూడా తెలియదు. జీ41కి 4 జీబీ ర్యామ్ ముక్క వేస్తే, దాని మీద రెండు వైపులా కలిపి 16 చిప్పులు ఉండాలి. ఈమధ్య వచ్చే 8 చిప్పుల 4 జీబీ ముక్కని ఆ చిప్‌సెట్ చదవలేదు, నో డిస్‌ప్లే వస్తుంది లేదా సగమే చూపిస్తుంది. మీరు 2 జీబీ ముక్క ఒకటి వేసుకోండి చాలు, ఆ గొడవే ఉండదు. మీ ఎక్స్‌పీ 32 బిట్‌ది, 4 జీబీ వేసినా మూడున్నర లోపే వాడుకుంటుంది, పేజ్‌మేకర్‌కి 2 జీబీ ఎక్కువే.

అసలు నన్నడిగితే మీరు జీ41 దగ్గర ఆగకుండా ఒక మెట్టు ఎక్కండి. హెచ్61 బోర్డు, దాని మీద సెకండ్ హ్యాండ్ ఐ3-2120. ఎక్స్‌పీకి డ్రైవర్లు (బోర్డులోని భాగాల్ని విండోస్ వాడుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) దొరికే చివరి తరాలు అవే, ఇంటెల్ రెండో తరం, మూడో తరం. నాలుగో తరం హెచ్81కి వెళ్తే ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి ఎక్స్‌పీ డ్రైవర్ లేదు. ఆరో తరం నుంచి బోర్డుల్లో ఐడీఈ మోడ్ (డిస్క్‌ని నడిపే పాత పద్ధతి) తీసేశారు, ఎక్స్‌పీ ఇన్‌స్టాలేషన్ దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఎవరైనా ఇంకా కొత్త తరం అని ఆశ పెట్టినా మీరు ఎక్స్‌పీ వదలనంత కాలం హెచ్61, బీ75 దాటకండి. బోర్డు బిగించాక బయోస్‌లోకి (విండోస్ లేవకముందే వచ్చే బోర్డు సొంత సెట్టింగుల తెర) వెళ్ళి సాటా మోడ్‌ని ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి నుంచి ఐడీఈకి మార్చాలి. లేకపోతే నీలం తెర వస్తుంది, దాని మీద చివర 7బీ అని ఉంటుంది. డిస్క్ పోయిందని భయపడకండి, అది మోడ్ తేడా మాత్రమే. జీ31 నుంచి నేరుగా హెచ్61కి డిస్క్ మార్చినా అదే తెర రావచ్చు. అప్పుడు ఎక్స్‌పీ సీడీతో రిపేర్ ఇన్‌స్టాల్ చేయించాలి, ఇంకా మంచిది వేరే డిస్క్ మీద కొత్తగా ఎక్స్‌పీ వేసి, పేజ్‌మేకర్, అను వేసి, మేటర్ కాపీ చేసుకోవడం. పాత డిస్క్‌ని ముట్టుకోకుండా బీరువాలో పెట్టండి.

ప్రింటర్ కోసం బోర్డు కొనేటప్పుడే ఎల్‌పీటీ, అంటే ప్యారలల్ పోర్టు, ఉందా అని అడగండి. కొన్ని హెచ్61 బోర్డుల వెనక పోర్టు కనిపించకపోయినా బోర్డు మీద దానికి పిన్నులు ఉంటాయి, చిన్న పట్టీ కేబుల్ కొంటే సరిపోతుంది. అదీ లేకపోతే యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి కేబుల్ దొరుకుతుంది, ప్రింటర్లకి చాలావరకు పని చేస్తుంది. ప్యారలల్ పోర్టుకి తగిలించే తాళం లాంటి డాంగిల్ ఏదైనా సాఫ్ట్‌వేర్‌కి వాడుతుంటే మాత్రం ఆ కేబుల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, దానికి బోర్డు మీద నిజమైన పోర్టు ఉండాలి.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే సపోర్టు ఆగిపోయింది, అందుకని ఆ యంత్రానికి ఇంటర్నెట్ కేబుల్ తగిలించవద్దు. మెయిళ్ళు, వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు వేరే కంప్యూటర్‌లో తీసుకుని వైరస్ స్కాన్ చేసిన పెన్ డ్రైవ్‌తో ఇందులోకి తెచ్చుకోండి.

అన్నా, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న డెల్ ఆప్టిప్లెక్స్ 3020 నాది. బోర్డు చనిపోయింది. ఇది హెచ్81 అని నెట్‌లో చూశాను. మామూలు హెచ్81 బోర్డు కొని ఇదే క్యాబినెట్‌లో బిగిస్తే సరిపోతుందా?
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

తమ్ముడూ, సాకెట్ వరకు నువ్వు చూసింది కరెక్టే, ఎల్‌జీఏ 1150, నీ ప్రాసెసర్, ర్యామ్ రెండూ మామూలు హెచ్81లో పని చేస్తాయి. చిక్కు మిగతాదాంట్లో ఉంది. బయట దొరికే బోర్డుకి కరెంటు ఇచ్చేది 24 పిన్నుల ప్లగ్, నీ డెల్ ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చేది 8 పిన్నులది. ఆ తరం హెచ్‌పీ వాటిలో 6 పిన్నులు, లెనొవో వాటిలో 14 పిన్నులు కూడా చూస్తాం. బ్రాండెడ్ కంపెనీలు తమ డబ్బాలు తమ కొలతలకి చేసుకుంటాయి. ముందు పవర్ బటన్ వైరు కూడా వేరే రకం, వెనక పోర్టులు బయటికి వచ్చే రేకు కూడా ఆ బోర్డుకే కోసి ఉంటుంది.

నీకు రెండు దారులు. ఒకటి, అదే మోడల్ బోర్డు వెతుక్కోవడం. పాత బోర్డు మీద స్టిక్కర్ ఉంటుంది, డీపీ/ఎన్ అని మొదలయ్యే నంబరు, దాన్ని ఫొటో తీసి అదే నంబరు ఉన్న బోర్డు అడుగు. 3020లోనే టవర్‌కి ఒకటి, చిన్న డబ్బాకి ఒకటి వేరు వేరు బోర్డులు ఉంటాయి, మోడల్ పేరు ఒక్కటీ చెప్తే తప్పు బోర్డు ఇచ్చేస్తారు. ఆఫీసుల నుంచి లాట్లుగా వచ్చే యంత్రాల వల్ల ఈ బోర్డులు సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతాయి. రెండోది, మామూలు హెచ్81 బోర్డు, కొత్త ఎస్ఎంపీఎస్, కొత్త క్యాబినెట్, మూడూ కొనడం. ఖర్చు ఎక్కువ, కానీ రేపు ఏ భాగం పోయినా పక్క షాపులో దొరుకుతుంది. 24 నుంచి 8కి మార్చే కన్వర్టర్ కేబుళ్ళు ఉంటాయి గానీ, అవి పాత డెల్ బోర్డుకి బయటి ఎస్ఎంపీఎస్ పెట్టడానికి చేసినవి, నీకు కావలసింది దానికి తలకిందులు. నేనైతే మొదటి దారి పడతాను. అయితే విండోస్ కీ పాత బోర్డు బయోస్‌లోనే ఉంటుంది కాబట్టి బోర్డుతో పాటే అది పోతుంది, కొత్తగా వచ్చే బోర్డులో దాని కీ ఉందో లేదో వేసి చూస్తేనే తెలుస్తుంది.

ఐ3-8100 ప్రాసెసర్ నాది. ఎల్‌జీఏ 1151. తక్కువలో హెచ్110 బోర్డు దొరికింది, అదీ 1151యే. కొనేశాను కానీ స్టార్ట్ కావట్లేదు. బోర్డు చెడ్డదా?
— కరీంనగర్

కాదు, బోర్డు మంచిదే అయి ఉంటుంది. ఇంటెల్ ఒకే పేరు, ఒకే ఆకారం ఉన్న సాకెట్‌ని రెండుసార్లు వాడింది. ఆరు, ఏడు తరాలకి హెచ్110, బీ150, బీ250 వంటివి. ఎనిమిది, తొమ్మిది తరాలకి హెచ్310, బీ360, బీ365, జెడ్370 వంటివి. ప్రాసెసర్ కూర్చుంటుంది, తలుపు పడుతుంది, కానీ లోపల పిన్నులకి ఇచ్చిన పనులు మారిపోయాయి కాబట్టి లేవదు. మీలాంటి వాళ్ళు ఎంతమంది ఇక్కడ డబ్బు పోగొట్టుకున్నారో చూశాక నాకు ఈ విషయంలో నిజంగా కోపం వస్తుంది, బోర్డు పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయాల్సిన సంగతి ఇది. వెంటనే వాపసు ఇచ్చి హెచ్310 అడగండి. మీ ప్రాసెసర్ ఎనిమిదో తరం, విండోస్ 11 జాబితాలో ఉంది, దీని మీద నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

రైజెన్ 3 2200జీ వాడుతున్నాను. బోర్డు పోయింది. ఏఎం4 సాకెట్ అన్నీ ఒకటే కదా, కొత్త ఏ520 తీసుకుంటున్నాను. ఓకేనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

ఓకే కాదు. సాకెట్ ఒకటే అయినా 2020లో వచ్చిన ఏ520, బీ550 చిప్‌సెట్లు అధికారికంగా 2200జీని తీసుకోవు. ఏ320, బీ350, బీ450లలో ఒకటి చూడండి, మీరున్న ఊళ్ళో ఎస్‌పీ రోడ్డులో దొరకడం కష్టం కాదు. కొనేముందు ఆ బోర్డు కంపెనీ సైటులో సీపీయూ సపోర్టు జాబితా తెరిచి మీ ప్రాసెసర్ పేరు, దానికి ఎదురుగా ఉన్న బయోస్ వెర్షన్ చూసుకోండి. ఇది ఒక్క మీకే కాదు, ఈ పేజీ చదివే అందరికీ. నంద్యాల మాస్టారు రేపు ఐ3 తీసేసి మూడో తరం ఐ5-3470 వేద్దామనుకున్నా ఇదే పద్ధతి. పాత హెచ్61 బోర్డుల్లో మూడో తరం ప్రాసెసర్ లేవాలంటే, ముందు రెండో తరం ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి.

ఏఎండీ ఎఫ్ఎక్స్-6300 మాది. బోర్డు మార్చాలి. ఫ్యాన్ తీస్తుంటే హీట్‌సింక్ ఊడి రావడం లేదు. లాగితే ఏమవుతుందోనని భయం.
— అనంతపురం

మీరు ఆగడమే మంచిదయింది. ఎఫ్ఎక్స్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఇంటెల్‌లో లాగా బోర్డుకి కాదు. పాత పేస్టు గట్టిపడి హీట్‌సింక్‌ని పట్టుకుంటే, లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. బోర్డు పనిచేస్తుంటే కాసేపు నడిపి వేడెక్కించమనేవాణ్ణి. మీది పోయింది కాబట్టి హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు నిమిషాలు హీట్‌సింక్‌కి వేడి గాలి పట్టి, క్లిప్ విప్పి, పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పండి, పట్టు వదులుతుంది.

బోర్డు ఏఎం3+ అయి ఉండాలి, ఉత్త ఏఎం3 వద్దు. ఎఫ్ఎక్స్‌లో గ్రాఫిక్స్ లేవు, కాబట్టి మీకు విడిగా కార్డు లేకపోతే 760జీ లాగా ఆన్‌బోర్డ్ డిస్‌ప్లే ఉన్న బోర్డే తీసుకోవాలి. ఎఫ్ఎక్స్-6300 తీసుకునే కరెంటు 95 వాట్లు, బోర్డు దాన్ని తట్టుకుంటుందని కంపెనీ జాబితాలో ఉందో లేదో చూడండి. ఈ సాకెట్‌కి కొత్త బోర్డులు దొరకడం బాగా తగ్గిపోయింది, సెకండ్ హ్యాండ్ వాటికి చెప్పే రేట్లు మాత్రం తగ్గలేదు. రేటు ఎక్కువ చెప్తే వదిలేయండి.

బోర్డు మారిస్తే విండోస్ మళ్ళీ వేయాలా? సీ డ్రైవ్‌లో పిల్లల ఫొటోలు ఉన్నాయి. పోతాయా?
— గృహిణి, విజయనగరం

బోర్డు మార్చినంత మాత్రాన ఫొటోలు పోవండి, అవి హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. పోయేది ఎప్పుడంటే, షాపులో మిమ్మల్ని అడగకుండా ఫార్మాట్ కొట్టినప్పుడు. అందుకని కంప్యూటర్ ఇచ్చేముందు హార్డ్ డిస్క్ విప్పి ఇంట్లోనే ఉంచుకోండి, బోర్డు పరీక్షించడానికి డిస్క్ అవసరం లేదు. విండోస్ 10, 11 చాలావరకు కొత్త బోర్డు మీద అలాగే లేచి డ్రైవర్లు తామే సర్దుకుంటాయి. లేవకపోతే బయోస్‌లో లెగసీ, యూఈఎఫ్ఐ అనే రెండింటిలో పాత బోర్డులో ఏది ఉందో అదే పెట్టి చూడమనండి. లైసెన్సు విషయానికొస్తే, కంప్యూటర్‌తో పాటు వచ్చినది బోర్డుకే ముడిపడి ఉంటుంది, విడిగా కొన్నదయితే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కలిపి ఉంచుకున్నప్పుడు కొత్త బోర్డుకి మార్చుకోవచ్చు. కొత్త యంత్రాల్లో డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉండొచ్చు, బోర్డు మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ముందే చూసి రాసుకోండి.

హైదరాబాద్ వచ్చి సెకండ్ హ్యాండ్ హెచ్61 బోర్డు కొందామనుకుంటున్నాను. ఎక్కడ చూడాలి? ఎలా పరీక్షించాలి?
— మహబూబ్‌నగర్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. అక్కడ ఒక్క షాపు చూసి కొనకండి, రెండు అంతస్తులు తిరిగితే రేటు మీకే తెలుస్తుంది.

బోర్డు చేతికి ఇవ్వగానే ముందు సాకెట్ మీద నల్ల ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చి పక్క నుంచి వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే వరసలో ఒకేలా మెరవాలి. ఒక్కటి వేరేగా మెరిస్తే అది వంగినట్టు. నేనొకసారి ఈ చూపు చూడకుండా ఒక షాపులో బోర్డు కొని మా ఊరు తీసుకెళ్ళాను. బిగిస్తే రెండు ర్యామ్ స్లాట్లలో ఒకటి పని చేయలేదు, పట్టి చూస్తే మూలన ఒక పిన్ను వంగి ఉంది. వెనక్కి తెస్తే మీరే వంచారన్నారు, నేను కాదని రుజువు చేసే దారి నాకు లేకపోయింది. అందుకే ఇప్పుడు డబ్బు ఇచ్చేముందే సాకెట్ ఫొటో తీసుకుంటాను, మీరూ తీసుకోండి. కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయేమో, టంకం కొత్తగా మెరుస్తూ ఎవరో రిపేర్ చేసిన గుర్తులు ఉన్నాయేమో చూడండి. వెనక పోర్టుల రేకు అడిగి తీసుకోండి, తర్వాత అది విడిగా దొరకదు.

టెస్టింగ్ వారంటీ అంటారు, అంటే షాపులో పని చేస్తే చాలు, గడప దాటాక వాళ్ళకి సంబంధం లేదని అర్థం. కనీసం వారం రోజులు ఒప్పించి బిల్లు మీద రాయించుకోండి. మీ ప్రాసెసర్, మీ ర్యామ్ వెంట తీసుకెళ్ళండి, ప్రాసెసర్‌ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కింది వైపు వేలు తగలకుండా. అక్కడే బోర్డు మీద మీవే పెట్టించి, రెండు ర్యామ్ స్లాట్లూ, అన్ని యూఎస్‌బీ పోర్టులూ, నెట్ కేబుల్, సౌండ్ ఒకటొకటిగా చూడండి. బయోస్ తెరిచి మీ ప్రాసెసర్ పేరు తెర మీద సరిగ్గా పడిందని చూశాకే డబ్బు ఇవ్వండి.